తడిగుడ్డ వలన కారు కదలినదా?

మన పాఠశాలలలో విజ్ఞానశాస్త్రమును బోధించు తీరును గూర్చి నాకొక ఫిర్యాదు కలదు. అందు మొదటి ముద్దాయిని నేనే గనుక తోటి ఉపాధ్యాయులెవరును నొచ్చుకొనరని తలంచుచు వ్రాయుచున్నాను.

మా తండ్రిగారి నాటి స్టాండర్డ్ హెరాల్డు కారొకటి నేటికిని మా యింట నున్నది. ఇంగ్లండులోని ట్రయంఫు హెరాల్డునకు ఇది మన దేశపు రూపము. 1961వ సంవత్సరము మొదలుకొని కొన్నియేండ్లు మద్రాసులో తయారైనది. ఆ హెరాల్డు చట్రమునే పొట్టిచేసి 1962లో ట్రయంఫు వారు స్పిట్‌ఫైరు అను స్పోర్ట్సుకారును వెలువరించిరి. కావున మా బండికి పరుగుబండ్లతో చుట్టరికము కలదని పిల్లలతో చెప్పుకొనుచుందును; 948 సీ.సీ. ఇంజనును చూచి వారు నవ్వుదురు. కాని ఈ కారునందొక గొప్ప సౌకర్యమున్నది. ముందుభాగపు రేకంతయు దీపములతో సహా ఒక్క మూతవలె ముందునకు లేచును. అపుడు ఇంజను చుట్టును పిల్లలు నిలువబడి ప్రతి భాగమును చేతితో తాకి చూడవచ్చును.

గత వేసవిలో దానికొక జబ్బు పట్టుకొనెను. ఉదయము ఒక్క తాళముతో కదలును. అమలాపురమున బయలుదేరి అంబాజీపేట దాటువరకు ఏ లోపమును కనబడదు. పి. గన్నవరము అక్విడక్టు సమీపించునప్పటికి రెండు కుదుపులు కుదిపి నిలిచిపోవును. పావుగంట గడచిన పిదప ఏమియు ఎరుగని దానివలె మరల నడచును.

ఎండవేడికి పెట్రోలు గొట్టములోనే ఆవిరియగుటచే పంపు దానిని లాగలేకున్నదని నేను నిశ్చయించితిని. పాత కార్లలో ఇట్లు జరుగుట కద్దు. పంపుమీద తడిగుడ్డ కప్పి, చెట్టునీడను కూర్చుండి, పావుగంటకు తాళము తిప్పితిని. బండి కదలెను. ఇట్లు మూడుమారులు చేయగా మూడుమారులును ఫలించెను. ఇక వేరు రుజువెందుకని తలంచితిని. అంతటితో నైనను ఊరకుంటినా? పెట్రోలు ఇంత సులభముగా ఆవిరియగుటకు కల్తీయే కారణమని ఊహించి, నేను పెట్రోలు పోయించుకొను బంకునకు పోయి, పదిమంది ఎదుట అచ్చట పనిచేయువానిని నిలదీసితిని. అతడు తలవంచుకొని ఊరకుండెను. పంతులుగారి మాట గనుక విన్నవారు నమ్మిరి.

పిమ్మట ఒక దినమున నరసాపురములో పెండ్లికై కుటుంబముతో బయలుదేరి, సఖినేటిపల్లి వద్ద పంటు ఎక్కవలెనని పోవుచుండగా, రాజోలునకు ఇవతల బండి ఆగెను. ఎదుటనే ఒక చిన్న మెకానిక్కు షెడ్డు. దాని యజమాని నా పాత విద్యార్థియే. అతనికి భౌతికశాస్త్రములో మార్కులు తక్కువ. ఆ మార్కులు వేసినవాడను నేనే. నేను గుడ్డ తడుపుచుండగా అతడు పరుగున వచ్చి, "గుడ్డ వద్దండి మాస్టారూ. చల్లారిపోతే ఏం తెలుస్తుందండి? ఆగిపోయి ఉన్నప్పుడే చూడాలండి" అనెను.

మొదట పెట్రోలు. పంపునుండి కార్బురేటరునకు పోవు గొట్టమును ఊడదీసి, సీసాలోనికి మళ్లించి, స్టార్టరు తిప్పమనెను. బుడగలేమియు లేక పెట్రోలు ధారగా వచ్చెను. ఆవిరి సిద్ధాంతము నాతో ఏ వాదమును చేయకుండనే కూలిపోయెను. సీసాను దూరముగా పెట్టించి, గొట్టమును మరల బిగించి, చిందిన పెట్రోలును తుడిచి అది ఆరువరకు ఆగెను. ఇది పిల్లలు గమనింపవలసిన సంగతి. తరువాతి పరీక్ష నిప్పుతో గదా.

డిస్ట్రిబ్యూటరును మన మెకానిక్కులు డెల్కో యందురు. 1909లో అమెరికాలోని డేటను పట్టణమున కెట్టరింగు మొదలైనవారు స్థాపించిన కంపెనీ పేరు ఆ వస్తువునకే పేరై మన రాజోలు వరకు వచ్చినది. అతడు ఆ డెల్కో నడుమనుండి లావుపాటి తీగను లాగి, రబ్బరు పిడిగల పట్టకారుతో దాని కొనను ఇంజను లోహమునకు కొద్ది ఎడముగా పట్టి మరల తిప్పమనెను. సన్నని పసుపు రవ్వ యొకటి మెరసి మాయమయ్యెను. కాయిలునుండి వచ్చు రవ్వయే బలహీనమైనపుడు, దాని తరువాతనుండు రోటరును, మూతను, నాలుగు ప్లగ్గులను తప్పుపట్టుటకు ఇంకను హేతువు లేదు. పిమ్మట చిన్న బల్బు నొకదానిని తీసి, కాయిలునుండి డెల్కోకు సన్నతీగ పోవు చోట ఒక కొనను, బండి ఒంటికి రెండవ కొనను తగిలించెను. ఇంజను తిరుగునపుడు బల్బు వెలుగుచు ఆరుచుండెను. అనగా బ్యాటరీనుండి కరెంటు వచ్చుచున్నది, పాయింట్లు కలియుచు విడిపోవుచున్నవి. బల్బు ఆరకయున్నచో పాయింట్లు కలియుట లేదనియు, వెలుగకనే యున్నచో కరెంటు రాకపోవుటయో, ఎచ్చటనో ఒంటికి తగులుటయో యనియు తెలిసెడిది.

మిగిలినవి రెండు, కాయిలును కండెన్సరును. "కండెన్సరు కొత్తదేరా, రెండు నెలలక్రిందటనే మార్పించితిని" అంటిని. "పాతది ఉందాండి?" అని అడిగెను. పనిముట్ల డబ్బాలో నుండెను. కొత్తదానిని తీయకుండనే, పాతదాని తీగను దానికి జతగా తగిలించి, దాని రేకు ఒంటిని ఇంజనునకు అదిమి పట్టెను. ఈసారి నీలిరంగు రవ్వ టప్పుమని దూకెను. లావు తీగను దాని చోట పెట్టగానే, ఆ వేడిలోనే, గుడ్డయు నిరీక్షణయు లేకుండ ఇంజను నడచెను.

నేను సంతోషించి లేవబోతిని. అతడు మాత్రము తృప్తిపడలేదు. పాత కండెన్సరు తీగను తొలగించెను, ఇంజను ఆగెను. తగిలించెను, నడచెను. మరల తొలగించి, మరల తగిలించి చూచెను. మూడుమారులు తడిగుడ్డ వేసిన నేను, ఒక్కమారైనను గుడ్డ వేయక పావుగంట ఊరక కూర్చుండి చూచినవాడను కాను! వేడికి లోపల సంబంధము తెగి, చల్లారగానే కలిసికొను కండెన్సరునకు కావలసినది ఆ పావుగంటయే గాని గుడ్డ కాదు.

ఇందలి శాస్త్రమును నేను ఏటేట బోధించుచునే యున్నాను. 1831లో ఫారడే కనుగొనిన ప్రేరణమే ఇది. కాయిలులో రెండు చుట్లు కలవు. లావుతీగ చుట్టలో 12 వోల్టుల బ్యాటరీ వలన పారు కరెంటును పాయింట్లు చటుక్కున తెంచగా, సన్నతీగ చుట్టలో వేలకొలది వోల్టులు పుట్టును. ఆ తెగుట చటుక్కున జరుగవలెనన్న కండెన్సరు ఉండవలెను. లేనిచో పాయింట్లమధ్యనే మంట లేచి శక్తి అచ్చటనే వ్యయమగును. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు క్షణమునకు నూరు రవ్వలు కావలెను. ఈ లెక్కను నల్లబల్లమీద నేను తప్పులేక చేయగలను. రోడ్డుమీద అక్కరకు వచ్చినది ఈ లెక్క కాదు, ఏది ముందు చూడవలెను, ఏది తరువాత చూడవలెను అను వరుస. దానిని మనము నేర్పుట లేదు. మన ప్రయోగశాలలో ఫలితము ముందే తెలిసియుండును; విద్యార్థి దానిని రికార్డు పుస్తకములో అందముగా ఎక్కించును.

కావున నా మనవి యేమనగా, పాయింట్లుగల పాత ఇంజను నొకదానిని మన ప్రయోగశాలలో నిలుపవలెను. ఉపాధ్యాయుడు పాయింట్లమధ్య కాగితపు ముక్క పెట్టియో, పగిలిన రోటరు బిగించియో, ఒక లోపమును దాచవలెను. చెడినదని చూపనిదే ఏ భాగమును మార్చరాదు. కనుగొన్నందుకే గాక, ఒక్కొక్క భాగమును సరియైన హేతువుతో విడిచిపెట్టినందులకు గూడ మార్కులుండవలెను. రవ్వను పరీక్షించునపుడు పెట్రోలు దరిదాపుల నుండరాదు, ఉపాధ్యాయుడు ఉండితీరవలెను.

"మా పిల్లలు మెకానిక్కులు కావలెనా?" అని తలిదండ్రులు అడుగవచ్చును. రోగికి ఒకేసారి నాలుగు మందులిచ్చి, ఏది పనిచేసినదో ఎరుగని వైద్యునియొద్దకు వారు పోవుదురా? నేటి కార్లలో పాయింట్లు లేవు, కంప్యూటరే లోపమును చెప్పుచున్నదని మరికొందరందురు. అది చెప్పునది ఏ త్రోవలో లోపము తోచుచున్నదో మాత్రమే. తీగ తెగినదా, భాగము చెడినదా యని మనుష్యుడే చూడవలెను. మా హెరాల్డునకు సైతము పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకొమ్మని మిత్రులు చెప్పుచున్నారు. పెట్టించుకొందునేమో. కాని ఉన్న లోపమును కనుగొనకుండ దానిని కప్పుటకై పెట్టించుట నాకు సమ్మతము కాదు.

ఆనాడు పంటు సమయమునకు అందితిమి. మరునాడు బంకునకు పోయి, అచ్చట నిలిచియున్నవారు వినునట్లుగా, తప్పు నాదని చెప్పితిని. అతడు కొంచెమాగి, గొట్టము చేతబట్టుకొని, "ఎంత కొట్టమంటారండి?" అని అడిగెను.