అమ్మమ్మ గోదారి ఏ క్వాలిటీలో దొరుకుతుంది?

మొన్న సంక్రాంతికి అమ్మమ్మ హైదరాబాద్ వచ్చింది. హాల్లో కొత్త 55 అంగుళాల టీవీ చూసి, "ఇందులో మూగ మనసులు వస్తుందేంట్రా?" అని అడిగింది. "ఎందుకు రాదు అమ్మమ్మా, రెండు నిమిషాలు" అన్నాను. నిజంగానే రెండు నిమిషాల్లో దొరికింది. చూడ్డమే కుదరలేదు.

మొదటి వీడియోలో ఫ్రేమ్ పైనా కిందా కోసేశారు. పాత సినిమా బొమ్మ 4:3లో, దాదాపు చదరంగా ఉంటుంది. ఇప్పటి టీవీ నిండాలని అప్‌లోడ్ చేసినవాళ్లు కత్తెర వేశారు. క్లోజప్ వస్తే చాలు, సావిత్రి మొహం బొట్టు దగ్గర్నుంచి మొదలవుతోంది. రెండో వీడియోలో కోయలేదు, అడ్డంగా సాగదీశారు. నాగేశ్వరరావు గారు అంత లావు ఎప్పుడూ లేరు. మూడోదాంట్లో ఒక పాట మాయం. ఛానల్ లోగో మాత్రం మూడింట్లోనూ ఉంది. అమ్మమ్మ కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. తప్పు తన కళ్లదే అనుకుంది పాపం. నాకు అక్కడ కాలింది.

అమ్మమ్మది గోదావరి గట్టు మీది ఊరు. 1964లో ఈ సినిమా వచ్చేటప్పటికి ఆవిడకి పదహారేళ్లు. ఆదుర్తి సుబ్బారావు గారు అవుట్‌డోర్ అంతా గోదావరి మీదకి వెళ్లి తీశారు. పడవ నడిపే గోపిగా నాగేశ్వరరావు, పక్కన సావిత్రి, జమున. కథ ఆవిడకి కంఠతా వచ్చు. "కథ కోసం కాదురా, అప్పటి గోదారి కోసం. మా రేవు కూడా అలాగే ఉండేది" అంది. అమ్మమ్మ చిన్నప్పటి ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఆవిడ పెరిగిన కాలం కదులుతూ కనిపించేది ఇలాంటి సినిమాల్లోనే.

సరే, ఇంజనీర్ బుర్ర కదా, లెక్కలు వేశాను. మావయ్య బీరువాలో ఉన్న వీసీడీలో ఒక్కో ఫ్రేమ్ 352×288, అంటే దాదాపు లక్ష పిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డీలో 20 లక్షలు. 4కే టీవీలో 83 లక్షలు. ఆ లక్షని 83 లక్షలకి సాగదీస్తే మొహాలు ముద్ద కాక ఏమవుతాయి? తమాషా ఏంటంటే అసలు లోపం పాత కెమెరాది కాదు. 35 ఎంఎం నెగెటివ్ బాగుంటే అందులో ఫుల్ హెచ్‌డీ కంటే ఎక్కువ వివరమే ఉంటుంది. సినిమా పాతబడలేదు, మన చేతికొచ్చిన కాపీ నాసిరకం, అంతే.

మరి మంచి కాపీ ఎందుకు రాదు? "కాపీరైట్ గొడవలు బాస్" అంటారు. మన చట్టం ప్రకారం సినిమాకి కాపీరైట్, విడుదలైన ఏడాది ముగిశాక ఇంకో 60 ఏళ్లు. 1964 సినిమాకి అది 2024 డిసెంబర్ 31తో అయిపోయింది. కథ, పాటలు రాసినవాళ్ల హక్కులు వేరే లెక్క, అవి ఇంకా ఉంటాయి. అయినా అసలు చిక్కు వేరే ఉంది. చట్టం తలుపు తీసినా రీలు మాత్రం ఎవరిదో గోడౌన్‌లోనే ఉంటుంది. దాన్ని బయటికి తీసి, కడిగి, ఫ్రేమ్ ఫ్రేమ్ స్కాన్ చేయాలి. మూడు గంటల సినిమా అంటే దాదాపు 2 లక్షల 60 వేల ఫ్రేములు. గీతలు, మచ్చలు, సౌండ్ అన్నీ బాగుచేయాలి. రీలు ఉన్నవాళ్లకి అంత ఖర్చు పెట్టాల్సిన అవసరం కనిపించదు.

పోనీ ఆగుదామా అంటే, రీలు ఆగదు. 1950ల మొదటి దాకా వాడిన నైట్రేట్ ఫిల్మ్‌కి నిప్పంటే ఆరదు. 2003లో పుణె అగ్నిప్రమాదంలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ దాచిన నైట్రేట్ రీళ్లు ఎన్నో బూడిదయ్యాయి. తర్వాత వచ్చిన ఎసిటేట్ ఫిల్మ్ మంటల దాకా కూడా పోదు. వేడికీ తేమకీ వెనిగర్ వాసన కొడుతూ ముడుచుకుపోతుంది.

చేయలేని పని మాత్రం కాదు. సత్యజిత్ రే అపూ త్రయం నెగెటివ్‌లు 1993లో లండన్‌లో కాలిపోయాయి. మిగిలినవాటిని బాగుచేసి, లేనిచోట వేరే ప్రింట్లు కలిపి, 4కే చేసి, 2015లో బ్లూరేగా అమ్మారు. మన 'దేవదాసు'నీ జాతీయ ఆర్కైవ్ వాళ్లు బాగుచేసి 2024లో గోవా చలనచిత్రోత్సవంలో వేశారు. చాలా సంతోషం. కానీ మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ గోవా వెళ్లలేదు కదా! ప్రజల డబ్బుతో బాగుపడిన సినిమా పండక్కి ఊరేగి మళ్లీ గుళ్లోకి వెళ్లిపోతే ఎలా? ఇంటికీ రావాలి.

"ఎవరు కొంటారు?" అంటే, 2006 నాటి పోకిరి 2022లో మళ్లీ వస్తే థియేటర్లలో కాగితాలు చించింది మనమే. 2010లో మాయాబజార్‌కి రంగులేసి వదిలితే ఇంటిల్లిపాదీ వెళ్లారు. రీరిలీజ్ డబ్బుతోనే రిస్టోరేషన్ ఖర్చంతా వచ్చేస్తుందని నేననను. అందుకే ప్రభుత్వం చెయ్యి వేయాలి. మిగతాది మనం ఇస్తాం. అసలు ఫ్రేమ్, అన్ని పాటలు, లోగో లేకుండా, అమెరికాలో పుట్టిన మా కజిన్స్ కోసం సబ్‌టైటిల్స్ పెట్టి ఇస్తే, అద్దెకి 200 అడిగినా నేను రెడీ.

ఈలోగా ఒక చిట్కా. కోసేసిన వీడియోని ఎవరూ బాగుచేయలేరు. సాగదీసినదాన్ని మాత్రం టీవీ సెట్టింగ్స్‌లో పిక్చర్ సైజ్ 4:3కి మారిస్తే మనుషులు మనుషుల్లా కనిపిస్తారు. అలాగే మార్చి రెండో వీడియో పెట్టాను. అమ్మమ్మ కదలకుండా కూర్చుని చూసింది. గోదారి వచ్చినప్పుడు మాత్రం చేత్తో మూల చూపించింది.

"ఆ నీళ్ల మీద ఉన్న బొమ్మ తియ్యరా."

"అది తియ్యడం కుదరదు అమ్మమ్మా."

"కంప్యూటర్ చదువు చదివించాం కదరా నిన్ను?"

నా దగ్గర సమాధానం లేదు. రీళ్లు దగ్గరున్న పెద్దలెవరైనా ఇస్తారేమో చూద్దాం.