పూరీ ఉత్తర్వులో ఎవరూ చదవని భాగం

కరోనా ముప్పు వల్ల 2020 జూన్ 18న పూరీ రథయాత్ర వద్దన్న సుప్రీంకోర్టు జూన్ 22న సరేనంది. భక్తి గెలిచిందని కొందరు సంబరపడ్డారు, ఒత్తిడికి ధర్మాసనం మెత్తబడిందని మరికొందరు విసుక్కున్నారు. టీవీ చర్చలు ఆ రెంటి మధ్యే తిరిగాయి. ఉత్తర్వును తెరిచి చదివినవారు తక్కువ.

మొదటిసారి కోర్టు ముందున్నది లక్షల జనంతో సాగే ఉత్సవం. రెండోసారి వచ్చింది జనం లేని యాత్ర. ఆలయ పాలక సంఘం అధ్యక్షుడైన పూరీ గజపతి మహారాజు చేసిన ఈ సూచన ఆధారంగానే షరతులు రాశారు. పట్టణంలోకి వచ్చే దారులన్నీ మూసేయాలి. ముందురోజు రాత్రి 8 గంటల నుంచి కర్ఫ్యూ. ఒక్కో రథాన్ని లాగేవారు 500 మించకూడదు, పోలీసులూ అధికారులూ ఆ లెక్కలోనే. అందరికీ పరీక్ష చేయాలి, నెగెటివ్ వచ్చినవారే తాడు పట్టాలి. రథానికీ రథానికీ గంట ఎడం ఉండాలి. పైగా అనుమతి పూరీకి మాత్రమే. ఒడిశాలోని మిగతా రథయాత్రలకు పాత నిషేధమే వర్తించింది. 2021 జూలైలో ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ధర్మాసనం కూడా ఇతర ఊళ్ల పిటిషన్లను తోసిపుచ్చింది.

పూరీ ఉత్తర్వుకు బలం రాజ్యాంగం 25వ అధికరణలో ఉంది. అక్కడ మత స్వేచ్ఛ శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యాలకు లోబడే మొదలవుతుంది. మత సంస్థల నిర్వహణ గురించి చెప్పే 26వ అధికరణకూ అదే షరతు. శాంతియుతంగా సమావేశమయ్యే హక్కుకు హద్దులు గీసే 19(3)లో మాత్రం ఆరోగ్యం ఊసే లేదు. ప్రార్థన హక్కును రాసిన చోటే ఆరోగ్యాన్నీ రాశారు కాబట్టి, ‘దేవుడా, ప్రాణమా’ అనే పోటీ పెట్టనక్కర్లేదు. ఆరోగ్యాన్ని కాపాడే పద్ధతి దొరికితే ప్రార్థనను ఆపడానికి ఆ షరతు చాలదు.

అమెరికా మొదటి సవరణలో ఈ షరతు లేదు. అందుకే అక్కడి వివాదం పోలికల చుట్టూ తిరిగింది. 2020 మేలో చర్చిలపై కాలిఫోర్నియా పెట్టిన ఆంక్షలను ఆపడానికి అక్కడి సుప్రీంకోర్టు 5–4తో నిరాకరించింది. చర్చిని కచేరీతో, సినిమా హాలుతో పోల్చాలన్నారు ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్. నవంబరుకల్లా న్యాయమూర్తి గిన్స్‌బర్గ్ స్థానంలోకి బారెట్ వచ్చారు. న్యూయార్క్ రెడ్ జోన్లలో ప్రార్థనకు 10 మందే అన్న నిబంధనను దుకాణాలతో పోల్చి, అదే 5–4తో ఆపేశారు. అయితే 2021 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా చర్చిల తలుపులు తెరిపించిన కోర్టు, లోపల పాటల మీదున్న నిషేధం జోలికి పోలేదు. 2020 మార్చిలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక బృందగాన సాధనకు వచ్చిన 61 మందిలో 53 మంది కరోనాతో జబ్బుపడ్డారు. ప్రమాదం విశ్వాసంలో లేదు, మూసిన గదిలో గొంతెత్తి పాడటంలో ఉంది.

2020 ఆగస్టులో దేశవ్యాప్త మొహర్రం ఊరేగింపులకు మన సుప్రీంకోర్టు ఒప్పుకోకపోవడం వివక్షేనన్న విమర్శ కూడా తొందరపాటే. పూరీ ఒక్క చోటు, రథం వెళ్లే దారి తెలిసిందే, ముప్పును అంచనా వేయొచ్చు. దేశమంతటికీ కలిపి ఇచ్చే అనుమతికి ఆ వీలు లేదని ధర్మాసనమే చెప్పింది. అదే నెలలో ముంబైలోని మూడు జైన ఆలయాల్లో పర్యూషణ్ ప్రార్థనలకు ఒకసారికి ఐదుగురు, రోజుకు 250 మంది చొప్పున ఒప్పుకుంది.

ఈ కొలతతో చూస్తే తప్పుపట్టాల్సింది మహారాష్ట్ర ప్రభుత్వాన్ని. 2020 అక్టోబరు 5 నుంచి బార్లు, రెస్టారెంట్లు సగం సీట్లతో నడిచాయి, భక్తులకు గుళ్ల తలుపులు నవంబరు 16న గానీ తెరుచుకోలేదు. గుడిలో జనాన్ని అదుపు చేయడం కష్టమన్న మాటలో కొంత నిజముంది. జూన్‌లో పరిమిత దర్శనాలు మొదలుపెట్టిన తిరుమలలోనూ అర్చకులకు, సిబ్బందికి కరోనా సోకింది. రోజంతా లోపల మసలేవారికి రక్షణ కావాలనడానికి అది రుజువు. పూరీలో పరీక్షల షరతు పెట్టింది ఇలాంటి వారి కోసమే. సెప్టెంబరులో టీటీడీ బ్రహ్మోత్సవాలను ఏకాంతంగా, గుడి లోపలే జరిపింది. సంప్రదాయం అంత సర్దుకున్నప్పుడు ప్రభుత్వం చేయాల్సిన పని ఎంతమంది, ఎంతసేపు, ఎంత ఎడంతో అన్న లెక్క వేయడమే. బారులో సగం కుర్చీలు లెక్కపెట్టించిన యంత్రాంగం, గుడిలోకి ఐదేసి మందిని పంపడం తన వల్ల కాదంటే ఏ కోర్టూ నమ్మాల్సిన పని లేదు.