పాదాలకు మొక్కితే చాలదు

పండుగ పూట తాతయ్య కాళ్లకు దండం పెడతాం. ఆ పాదం అడుగున ఏముందో మాత్రం ఎన్నడూ చూడం. యువ మిత్రులారా, నా మాట ఆ చూడని చోటు గురించే.

మెలనోమా అనే చర్మ క్యాన్సర్ తెల్లజాతివారి జబ్బని, ఎండ తెచ్చే జబ్బని మనకో ధీమా. మన దేశంలో అది అరుదన్నది నిజమే. కానీ మనలాంటి చామనఛాయ వాళ్లకు వచ్చినప్పుడు ఎక్కువగా ఎండ సోకని చోటే పుడుతుంది: అరికాలు, అరచేయి, గోటి అడుగు. గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలివేలి గోటి కింద బయటపడింది. 1981లో, 36 ఏళ్లకే ఆయన్ను తీసుకుపోయింది.

పొలంలో తిరిగే కాలికి నల్లమచ్చ పడితే ముల్లు విరిగిందంటాం, ఆనెకాయంటాం. అది మెలనోమా అయితే మాత్రం లోపలికి దిగుతూనే ఉంటుంది. ఎంత లోతు దిగిందన్నదే ఆయుష్షుకు కొలమానమని 1970లో అమెరికా పాథాలజిస్టు అలెగ్జాండర్ బ్రెస్లో చూపించాడు. 1 మిల్లీమీటరు లోపే పట్టుకుంటే చాలామంది బతికి బట్టకడతారు. 4 దాటితే గండమే. ఆ కొలతను నేటికీ ఏ యంత్రమూ పక్కకు నెట్టలేదు.

కణం లోపలా అసలు కథ చూడని చోటే ఉంది. 2002లో బీరాఫ్ జన్యువులో ఒక్క అక్షరం తేడా దొరికింది. మెలనోమాల్లో దాదాపు సగంలో ఈ జన్యువు మార్పు కనిపిస్తుంది. 2011కల్లా దానికి మందొచ్చింది. అయితే జన్యువు దీపమైతే, దాన్ని వెలిగించే స్విచ్చు వేరే ఉంటుంది. ప్రొటీను తయారీకి పనికిరాదని చాలామంది చెత్తకింద జమకట్టేసిన భాగంలో ఉంటుందది. 2013లో రెండు బృందాలు ఆ చెత్తలోకే తొంగిచూశాయి. వాటిలో ఒకటి తరతరాలుగా మెలనోమా వెంటాడుతున్న ఒక జర్మన్ కుటుంబాన్ని పరిశీలించింది. టెర్ట్ జన్యువు స్విచ్చులో ఒక్క అక్షరం మారితే, ఆరిపోయి ఉండాల్సిన ఆ జన్యువు మళ్లీ వెలుగుతోంది. కణం ముసలితనాన్నే మరచిపోతోంది!

2015లో టీసీజీఏ అనే క్యాన్సర్ జన్యు పరిశోధన ప్రాజెక్టు 331 మంది మెలనోమా రోగుల కణితుల జన్యు పటాలను లోకం ముందుంచింది. ల్యాప్‌టాప్ ఉంటే చాలు, శ్రీకాకుళంలోనో వరంగల్‌లోనో కూర్చుని ఎవరైనా వాటిని తవ్వవచ్చు. కానీ ఆ రోగుల్లో అత్యధికులు తెల్లజాతివారు. అరికాలి మెలనోమాలో బీరాఫ్ మార్పు తక్కువ, కిట్ జన్యువు మార్పు ఎక్కువ. పరాయి చర్మం మీద కొలిచి కుట్టిన చొక్కా మన ఒంటికి అలాగే పడుతుందా? ఆ లోటు పూడ్చాల్సింది మీరే. జీవశాస్త్రం చదివేవాళ్లు స్విచ్చులు వెతకండి. లెక్కలొచ్చినవాళ్లు, రోగుల్లో ఎందరు ఎంతకాలం బతికారో చూపే గీతలు గీయండి. వైద్య విద్యార్థులారా, రోగి చెప్పులు విప్పించి చూడండి.

ఒక్క హెచ్చరిక. గీత అందంగా వచ్చిందని మురిసిపోకండి. వేరే ఊరి రోగుల్లోనూ నిలిస్తేనే అది సూచిక, లేకుంటే కాకతాళీయం. ఆ గీతలో కిందికి దిగే ప్రతి మెట్టూ ఒక మనిషి మరణమని మరవకండి.

పరిశోధనకు ప్రయోగశాల దొరికేదాకా ఆగనక్కర్లేదు. వచ్చే సంక్రాంతికి కాళ్లకు మొక్కి లేచేముందు ఒక్క మాట అనండి: "తాతా, పాదం ఇటు తిప్పు, చూస్తాను."