గురి తప్పని తూటా

జార్జ్ రొమెరో 1968లో పిట్స్‌బర్గ్ మిత్రులతో కలిసి, సుమారు 1,14,000 డాలర్లతో తీసిన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ వట్టి శవాల సినిమా అనేవారు నేటికీ ఉన్నారు. నల్లజాతి నటుడు డ్వేన్ జోన్స్‌ను నాయక పాత్రకు ఎంచుకున్నది అందరికంటే బాగా నటించినందుకేనని దర్శకుడు చెప్పాడు. కనుక అందులో జాతి ప్రసక్తే లేదని వీరి వాదన. ఎంత డొల్ల వాదన!

రాత్రంతా నడిచే శవాలతో పోరాడి బతికిన బెన్‌ను, తెల్లవారాక వచ్చిన షెరీఫ్ దండు కిటికీలో చూసి కాల్చేస్తుంది. మనిషా, శవమా అని పరికించే ఓపిక ఒక్కడికీ లేదు. ఆపైన కొక్కేలు, చితి, పత్రికల్లో అచ్చయినట్టుండే నిశ్చల చిత్రాలు. మూకహత్యల ఫొటోలను పోస్టుకార్డులుగా అమ్ముకున్న దేశం అది. మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన సంవత్సరం అది. ఆ దృశ్యానికి అర్థం చెప్పే హక్కు దర్శకుడి ఉద్దేశానికొక్కదానికే ఉందా?

నలుపు తెలుపు ఫిల్మూ, ఒకే ఇల్లూ, నెత్తురుకు బదులు చాక్లెట్ పాకం: పేదరికమే చిత్రానికి కలిసివచ్చింది. లోపాలు లేవని కాదు. శుక్రగ్రహ ఉపగ్రహపు రేడియేషన్ కథ అతుకుల బొంత. బార్బరాను దాదాపు మూగబొమ్మను చేయడం క్షమించరానిది.

నేలమాళిగే భద్రమన్న కూపర్‌ను దుష్టుడిగా చూపి, చివరకు బెన్‌ను అక్కడే దాచడాన్ని కూడా కొందరు లోపమంటారు. నేననను. బెన్ పొరబడ్డాడు, నిజమే. ఎన్నడూ పొరబడనివాడైతేనే అతని చావు అన్యాయమవుతుందా?