వరి ఎప్పుడు ఈనాలో ఎవరు చెప్తారు?

లాస్ట్ సెమిస్టర్ హ్యాకథాన్‌లో మా టీమ్ రైతుల కోసం ఒక యాప్ చేసింది. వరి రకం, విత్తిన తేదీ ఇస్తే కోత తేదీ చెప్తుంది. లోపల ఉన్నది ఒక్క కూడికే: విత్తిన తేదీ ప్లస్ పంటకాలం. సెలవుల్లో గోదావరి జిల్లాలోని మా ఊరెళ్లి తాతయ్యకి చూపించా.

"మా చిన్నప్పటి సార్వా రకాలు కాస్త ఆలస్యంగా ఊడ్చినా, ముందు ఊడ్చిన చేనుతో పాటే ఇంచుమించుగా ఈనేసేవి. మరి నీ యాప్ ఏం చెబుద్దిరా?" అన్నారు.

నిజం చెప్పాలంటే, అప్పటిదాకా ఆవులే ఈనుతాయనుకున్నా. వరి వెన్ను బయటికి రావడాన్నీ ఈనడమే అంటారట. ఇంగ్లీష్ మీడియం మహిమ!

తర్వాత కూర్చుని చదివా. వరికి రాత్రి ఎంత పొడుగుందో తెలుసు. కానీ ఆ సంగతి పసిగట్టేది ఆకు, వెన్ను పుట్టాల్సింది కాండం కొనలో. కబురు ఎవరు మోస్తారు? 1930లలో సోవియట్ శాస్త్రవేత్త చైలఖ్యాన్ ఆ కబురుకి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. వరిలో అది హెచ్‌డీ3ఏ అనే ప్రొటీన్ అని 2007లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు.

అసలు విశేషం 2011లో తేలింది. ఆ ప్రొటీన్ కొనకి చేరినంత మాత్రాన పని అవ్వదు. అక్కడి కణంలో ముందు 14-3-3 అనే ప్రొటీన్‌తో జట్టు కట్టాలి. ఇద్దరూ కేంద్రకంలోకి వెళ్లి, డీఎన్ఏని పట్టుకునే ఓఎస్‌ఎఫ్‌డీ1 అనే మూడో ప్రొటీన్‌ని కలవాలి. ముగ్గురూ కలిస్తేనే ఆకులు ఆగి వెన్ను మొదలవుతుంది. అదే 14-3-3 కోసం ఇంకో రకం ప్రొటీన్లు కూడా పోటీ పడతాయి. అవి గెలిస్తే పూత ఆలస్యం. మన భాషలో చెప్పాలంటే ఒకే రిసోర్స్ కోసం రెండు ప్రాసెస్‌లు.

1966లో వచ్చిన ఐఆర్8 లాంటి రకాలు పగటి పొడుగుని పెద్దగా పట్టించుకోవు. సార్వా, దాళ్వా రెండిట్లోనూ పండించడానికి కుదిరింది అందుకే. మా ప్లస్ గుర్తు అలాంటి రకాలకి కొంతవరకు పనికొస్తుంది. అక్కడ కూడా చలి ఎక్కువైతే పంటకాలం సాగుతుంది.

"డీఎన్ఏ అంటే కోడ్" అని మనం తేలిగ్గా అనేస్తాం. నా అభిప్రాయంలో అది సగమే నిజం. కోడ్ అంతా ముందే రాసి ఉన్నా, ఎవరు ఎవర్ని ఎప్పుడు కలుస్తారన్న దాన్ని బట్టే పూత తేదీ తేలుతుంది. ఆ తేదీ మనం తప్పు చెప్తే నష్టపోయేది మన డెమో కాదు. పూత మీద వాన పడితే గింజ తాలు అవుతుంది. కోత మిషన్ ముందే మాట్లాడుకున్న రైతు డబ్బు పోతుంది.

అందుకే ఒక మాట. వ్యవసాయం మీద ప్రాజెక్ట్ చేసేవాళ్లు మొదటి లైన్ రాసే ముందు ఒక రోజు చేలో గడపండి, ఒక గంట ఆ మొక్క గురించి చదవండి. నేను రెండూ చెయ్యకుండానే స్టేజ్ ఎక్కా.

ఆ ప్లస్ గుర్తు తీసేశా. దాని బదులు ఏం రాయాలో ఆలోచిస్తున్నా. ఆసక్తి ఉన్నవాళ్లు రండి, కలిసి చేద్దాం. ఈసారి టెస్టింగ్ తాతయ్యది.