హైడ్రోజన్‌తో ఆయాసం తగ్గుతుందా?

ఇంట్లో ఎవరికైనా ఊపిరాడకపోతే ఎవరేం చెప్పినా కొని తెచ్చేయాలనిపిస్తుంది కదూ! హైడ్రోజన్ నీళ్ళ మెషీన్లు, హైడ్రోజన్ పీల్చే పరికరాలు ఇప్పుడు బాగానే అమ్మకానికి వస్తున్నాయి. వేలకు వేలు పోసేముందు అసలు సంగతేమిటో చూడండి.

న్యుమోనియా ముదిరినా, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకినా, ఘాటైన వాయువులు పీల్చినా ఊపిరితిత్తుల్లోని సన్నని గాలి గదులు వాచిపోయి, వాటిలో నీరు చేరుతుంది. ఇక ఎంత పీల్చినా ఆక్సిజన్ రక్తానికి సరిగా అందదు. కొద్ది గంటల్లోనే ప్రాణం మీదకి రావచ్చు.

ఈ వాపులో హైడ్రాక్సిల్ రాడికల్ అనేది కణాలను దెబ్బ తీస్తుంది. హైడ్రోజన్ దాన్ని అణచగలదని 2007లో జపాన్‌కు చెందిన షిగియో ఓహ్తా బృందం చూపించింది. మెదడుకు రక్తం అందని ఎలుకల మీద చేసిన పరిశోధన అది. ఆ తర్వాత ఊపిరితిత్తులు దెబ్బతిన్న ఎలుకలకు గాలిలో 2 శాతం హైడ్రోజన్ కలిపి పీల్పిస్తే వాపు తగ్గింది. 2020లో చైనాలో కోవిడ్ రోగులకూ ఆక్సిజన్‌తో కలిపి ఇచ్చి చూశారు. ఆశ ఉన్నమాట నిజమే. కానీ మనుషుల ప్రాణం నిలుపుతుందని ఇంకా గట్టిగా రుజువు కాలేదు. పైగా గాలిలో 4 శాతం చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. ఇక నీళ్ళంటారా, లీటరులో మామూలుగా కరిగేది ఒకటిన్నర మిల్లీగ్రాముల పైచిలుకే!

మరి రుజువైనదేమిటి? ఆక్సిజన్, జాగ్రత్తగా నడిపే వెంటిలేటర్. 2013లో వెలువడిన ఫ్రాన్స్ వైద్యుల పరిశోధనలో, వెంటిలేటర్ మీదున్న తీవ్ర రోగులను రోజుకు 16 గంటలకు పైగా బోర్లా పడుకోబెడితే 28 రోజుల్లో మరణాలు నూటికి 33 నుంచి 16కి తగ్గాయి. ఇవన్నీ ఆస్పత్రిలోనే సాధ్యం. అందుకే సమయానికి చేర్చడం ముఖ్యం.

మన చేతిలో ఉన్నవి ఇవి:

* బాత్రూం కడిగేటప్పుడు బ్లీచింగ్ పౌడర్‌నీ, యాసిడ్‌నీ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది. పొరపాటున కలిస్తే వెంటనే బయటికి వచ్చేయండి. దగ్గు, ఆయాసం మొదలైతే డాక్టరుకు చూపించండి.

* పెదవులు నీలిరంగుకు తిరిగినా, మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేయండి. చిట్కాలతో కాలయాపన వద్దు.

మెషీన్ కోసం దాచిన డబ్బు అలాగే ఉంచండి. రేపు వైద్యానికి అక్కరకొస్తుంది.