కొత్త బెంచీలు ఇచ్చింది చాలు, పాతవాటి సంగతి చూద్దాం

ఇక్కడ కమ్మింగ్‌లో మే నెలాఖరుకు బడులు మూసేస్తారు, ఆగస్టు మొదట్లో తెరుస్తారు. ఆ మధ్య రెండు నెలలే బడుల్లో మాలాంటి కట్టుబడి వాళ్లకు పని. అలాంటి ఒక వేసవిలో మేం చూస్తున్న సైటులో పిల్లల డెస్కులన్నీ తెచ్చి వరండాలో గుట్టగా పడేశారు. గీతలు, పెచ్చులు లేచిన అంచులు, ఊగే కాళ్లు. లారీ ఎక్కించి పారేస్తారనే అనుకున్నాం. మర్నాడు ఇద్దరు పనివాళ్లొచ్చి వాటిని మూడు వరసలుగా పేర్చారు. మరలు బిగిస్తే సరిపోయేవి, పైపలక మార్చాల్సినవి, ఇక లాభం లేనివి. మూడో వరసే అన్నిటికన్నా చిన్నది. వారం తిరిగేసరికి పాత ఇనప చట్రాల మీద కొత్త పలకలు, కాళ్లకు కొత్త రబ్బరు తొడుగులు వచ్చాయి. ఇంత డబ్బున్న దేశంలో కూడా బల్ల కాలు ఊగితే ముందు స్క్రూడ్రైవరే వెతుకుతున్నారు.

అది చూసి మాకు నవ్వు రాలేదు, సిగ్గేసింది. ఎందుకో చెబుతాం.

మేం నలుగురం ఒకే ఊరి వాళ్లం, ఒకే జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాం. ఏడో తరగతి దాకా నేల మీదే. ఎనిమిదిలో టేకు బెంచీ ఎక్కిన రోజు మాకు ఇంకా గుర్తే. 2016లో తలా కాస్త వేసుకుని బడికి 20 కొత్త డ్యూయల్ డెస్కులు ఇచ్చాం. ఇనప గొట్టాల చట్రం, పైన నిగనిగలాడే పలక. వెనకవైపు ఎర్ర రంగుతో మా నలుగురి పేర్లు. శాలువాలు కప్పారు, ఫొటోలు దిగాం, జిల్లా పేజీలో వార్త కూడా వచ్చింది.

2023 సంక్రాంతికి వెళ్లి చూస్తే వాటిలో పదకొండు డెస్కుల పలకలు ఉబ్బి, విరిగి ఉన్నాయి. అది చెక్క కాదు, రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు. అంచున రేకు లేచిందంటే నీళ్లు తాగుతుంది, తాగితే ఉబ్బుతుంది, ఉబ్బితే మర పట్టదు. సివిల్ డిప్లొమా చదివి, దుబాయ్‌లో ఏడేళ్లు సైట్లు చూసిన మేం కొనేటప్పుడు పలకను తిప్పి కూడా చూడలేదు. పేర్లు ఎక్కడ రాయించాలన్నదే చూసుకున్నాం. అంతకన్నా బాధ, వంటగది వెనక మా కాలం నాటి టేకు బెంచీలు వానకు తడుస్తూ పడున్నాయి. కొన్నిటి కాళ్లు మధ్యాహ్న భోజనం పొయ్యిలోకి పోయాయి. కొత్తవి వచ్చాక వీటిని ఎక్కడ పెట్టాలో తెలియక బయట వేశారట. అంటే మా దానమే వాటిని బయటికి గెంటింది.

ఊళ్లో వడ్రంగి బాబాయిని పిలిస్తే వచ్చి ఒక బెంచీని కాలితో తట్టి చూశాడు. "ఏరా అబ్బాయ్, ఇది మా నాన్న చేసిన బల్ల. కొత్తవి కొనే ముందు ఒక్క మాట అడగలేకపోయారా?" అన్నాడు. రెడీమేడ్ తలుపులు, ఫర్నిచరు వచ్చాక ఆయనకు పని లేదు, సెంట్రింగ్ చెక్కలు కొట్టడానికి పోతున్నాడు.

పండగ సెలవుల్లోనే పని మొదలుపెట్టాం. పాతవి 31 ఉంటే ఏడింటిని విప్పి మిగతా 24కి కాళ్లుగా, అడ్డపట్టీలుగా వాడుకున్నాం. అతుకు వదులైన చోట మేకు కొడదామన్నాం మేం. బాబాయి ఒప్పుకోలేదు. మేకు తుప్పుపడితే కర్ర పగులుతుందని, ఫెవికాల్ రాసి వెదురు చీలలు దిగ్గొట్టాడు. డివైడర్‌తో చెక్కిన పేర్ల గుంటల్లో సన్నటి రంపపు పొట్టు, జిగురు కలిపిన ముద్ద నింపి, ఎండాక చిత్రిక పట్టాడు. తర్వాత ఉప్పుకాగితం, ముందు 80 నంబరు, ఆపై 120, చివర 220. పైన రెండు పూతలు వార్నిష్, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. టేకు రంగు మళ్లీ తేలింది. దానిమీద సన్మైకా అతికించి ఉంటే పాపమే.

విరిగిన కొత్త డెస్కులకు మాత్రం సన్మైకా తప్పలేదు. నీటికి తట్టుకునే రకం 19 మి.మీ. ప్లైవుడ్, పైన ఒక మి.మీ. సన్మైకా. మా డెస్కు నాలుగడుగుల పొడవు, 15 అంగుళాల వెడల్పు. ఎనిమిదడుగులు, నాలుగడుగుల షీటులో ఆరు పలకలు వస్తాయి, పదకొండుకు రెండు షీట్లు చాలు. జిగురు పూసి, పైన సిమెంటు బస్తాలు పెట్టి రాత్రంతా వదిలేశాం. అంచులకు టేకు బీడింగు కొట్టించాం. పిల్లల వేళ్లు ఊరుకోవు కదా, లేచిన అంచు కనిపిస్తే పీకేదాకా నిద్రపోరు. మేమూ అంతే.

ఖర్చు సంగతి: వస్తువులు, కూలి కలిపి చూస్తే, ఒక కొత్త డెస్కు ధరకు మాకు నాలుగు పాతవి లేచాయి. కూలి డబ్బు ఊళ్లోనే మిగిలింది.

ఒక హెచ్చరిక. రంగు వేసిన పాత బెంచీలను పొడిగా గీకకండి. అమెరికాలో ఇళ్లకు, ఫర్నిచరుకు వేసే రంగుల్లో సీసాన్ని 1978లోనే నిషేధించారు. మన దేశంలో పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించి సీసం ఉండకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు పూసిన రంగులో ఏముందో ఎవరికెరుక? తడిపి రుద్దండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి, పిల్లలను ఆ ఛాయలకు రానివ్వకండి. మధ్యలో మాకు సహాయం చేస్తామని పదో తరగతి పిల్లలు వస్తే పంపేశాం.

ప్రభుత్వాలు చేయలేదా అంటే చేశాయి. ఆంధ్రలో 2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడు మొదటి దశలోనే 15,715 బడులు ఉన్నాయి. తెలంగాణలో 2022 మార్చిలో మొదలైన మన ఊరు-మన బడిలో 26,065 బడులు లెక్కకు తీసుకుని ముందు 9,123 చేపట్టారు. రెండిట్లోనూ ఫర్నిచరు ఉంది. మంచిదే. కానీ ఆ డెస్కులూ ఏదో ఒక రోజు ఊగుతాయి. అప్పుడు ఎవరు చూస్తారు? సమగ్ర శిక్షా కింద వంద మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి వచ్చేది మహా అయితే 25 వేలు. సుద్దముక్కలు, కరెంటు, శుభ్రత అన్నీ అందులోనే. అందులోంచి హెడ్మాస్టరు వడ్రంగిని ఎక్కడ పిలుస్తాడు? దాతలమేమో కొత్త వస్తువుకే జేబులో చెయ్యి పెడతాం. మరమ్మతుకు పేరు రాయించుకునే చోటు లేదు మరి.

డబ్బు పంపేవాళ్లు ఒకటి గమనించాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. ఇక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళమే. ముందే కనుక్కుని పంపండి.

నిజానికి ఈ పనికి డాలర్ల కన్నా మీ చేతులే ఎక్కువ కావాలి. దుబాయ్‌లో, దోహాలో, రియాద్‌లో షట్టరింగ్ కార్పెంటర్లుగా, వెల్డర్లుగా, పెయింటర్లుగా మనవాళ్లు ఎంతమంది లేరు? మేం ఇక్కడ పనివాళ్ల చేత చేయించేది మీరు కళ్లు మూసుకుని చేస్తారు. ఈసారి సెలవుకు వెళ్తే మీ బడి వెనక్కి ఒకసారి వెళ్లి రండి. ముందు స్టాకు రిజిస్టరులో రాయించి, హెడ్మాస్టరు అనుమతి తీసుకోండి. ఊళ్లో వడ్రంగి ఉంటే ఆయనను పక్కన పెట్టుకోండి. కొలతలు, సామాన్ల పట్టీ కావాలంటే మా దగ్గర రాసిపెట్టి ఉంది. మా డెస్కుల మీద ఎర్ర రంగు పేర్లు ఇప్పుడు లేవు, ఉప్పుకాగితం కింద పోయాయి. బాబాయి తన పేరు కూడా రాయనివ్వలేదు. రాసేదేదో బడి పేరు, బెంచీ నంబరు రాయండి, పక్క ఊరి పెళ్లికి తీసుకెళ్లినా తిరిగొస్తుంది అన్నాడు.